మైదాకు కుండలు

డప్పు ఇంకా లేవలేదు. లేస్తే లేచింది, లేకపోతే లేదు, నాకేం పోయింది అనుకుంది కిష్టమ్మ. అనుకుంటూనే చెవిని అటువైపే పెట్టి కూర్చుంది. పొద్దు గుట్టల మీది నుంచి జారుతోంది గానీ వేడి తగ్గలేదు. మాదాపురం రాళ్లంతే, పగలంతా తాగిన ఎండను ఈ వేళకే బయటికి కక్కుతాయి. వాకిట్లో ఈత చాప మీద కుండలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని కింద ఒక్కో గడ్డి చుట్ట. వాటివైపు చూడకూడదని దర్వాజాకు ఆనుకుని అటు తిరిగి కూర్చుంది, కూర్చున్నాక మెడ దానంతటదే ఇటు తిరిగింది. ఐరేని కుండలు. కుమ్మరి ఇంటికి మేళంతో వచ్చి, గింజలు పోసి, ఈ కుండల్ని నెత్తిన పెట్టుకుని తీసుకుపోయి పందిట్లో నిలబెడితే తప్ప ఊళ్లో ఏ పెండ్లీ పెండ్లి కాదు. ఇవాళ వీరేశం బిడ్డ భూలక్ష్మి పెండ్లి. కోకాపేట నుంచి పిల్లగాని బండ్లు పొద్దున్నే దిగాయి. కాసేపట్లో డప్పు లేస్తుంది, బావి మలుపు దాకా వస్తుంది, అక్కడ ఎడమకు తిరిగితే మరిది లింగమూర్తి వాకిలి, కుడికి తిరిగితే తనది. ఎడమకా, కుడికా. పొద్దున అంబలి తాగుతున్నప్పుడూ ఇదే, వాకిలి ఊడుస్తున్నప్పుడూ ఇదే. ఛీ, ఎటన్నా తిరగనీ. ఎడమకు తిరిగినంత మాత్రాన ఈ కుండలు కుండలు కాకుండా పోతాయా?

పోవు. అందుకే మళ్లీ చూసింది, ఈసారి దొంగతనం లేకుండా, నిదానంగా. ఊళ్లో అందరి పెండ్లి కుండలూ కాల్చాక సున్నం పూసి, ఆ సున్నం మీద ఎర్రమట్టి జాజుతో నాలుగు గీతలూ చుక్కలూ పెట్టినవి. వాన చినుకు పడితే కారిపోతాయి, చెయ్యి రాస్తే అంటుకుంటాయి. ఇవి అట్లాంటివి కావు. పచ్చి కుండ మీదే తెల్ల సుద్దను పలచగా పూసి, నీడకు ఆరబెట్టి, గులకరాయితో రుద్ది రుద్ది నున్నగా చేసి, ఆ తెలుపు మీద చీపురు పుల్లతో జాజు పెట్టింది. ఆ తర్వాతే కుండల వాములో కాల్చింది. మెడ చుట్టూ తీగ, తీగకు మొగ్గలు, మొగ్గల కింద మామిడి పిందెలు వంకర తోకలతో, పొట్ట నడుమ అరచేతిలో పెట్టుకున్నట్టే గుండ్రటి చందమామ, చందమామ చుట్టూ ఆవగింజలంత చుక్కలు. అంచు పొడుగునా వేలి కొసలకు పెట్టుకున్నట్టు ఎర్రటి టోపీలు. పెండ్లికూతురి చేతుల్ని మడిచి కుండలుగా చేసినట్టుంది అనుకుంది, అనుకుని తన చేతులు చూసుకుంది. వట్టి చేతులు. గోళ్ల సందుల్లో మట్టి. మొగుడు పోయిననాడు గాజులు తీసిన ముసలమ్మలు ఇగ మైదాకు ముట్టకు బిడ్డా అని చెప్పి మరీ పోయారు, తను అడిగినట్టు. పెరట్లో మైదాకు చెట్టు ఆ సంగతి తెలియక ప్రతి వానకూ చిగురేస్తూనే ఉంది. చేతులకు వద్దన్నారు. కుండలకు వద్దనలేదు కదా. వాళ్లకు తోచలేదు, తోచి ఉంటే అదీ అనేవాళ్లే.

మైదాకు అంటే మొగుడు ఎల్లేశం నవ్వేవాడు. పెండ్లయిన కొత్తలో తన చేతులు చూసి, ఏంది గింత ఎర్రగ పండింది, రెండు దినాలు మట్టి తొక్కు, పిసుకు, ఎట్ల పోతదో సూడు అన్నాడు. నిజంగానే పోయింది. మట్టి పని చేతి తోలునే తినేస్తుంది, ఆకు రంగు ఎంత. పోయిన రంగును చూసి అలిగి కూర్చుంటే, అయితే పోని రంగు నువ్వే కనిపెట్టు అన్నాడు ఆటగా. ఆ మాట వాడు మరిచిపోయాడు, తను మరవలేదు. ఒకసారి వాడు అంగడికి కూజాలు చేసి ఆరబెడితే, అడగకుండా ఒకదాని మెడ మీద జాజుతో తీగ పెట్టింది. చూశాడు, ఏమీ అనలేదు. కూకట్‌పల్లి అంగడిలో చాప పరవగానే ముందు అదే అమ్ముడుపోయింది. మర్నాడు గుట్ట వెనక నుంచి మంచి జాజు గడ్డలు తెచ్చి, నూరి, చిన్న గురిగిలో కలిపి, కుండలు తిప్పే సారె పక్కన తన వైపు పెట్టి పోయాడు. అంతే. ఎల్లేశంతో కాపురం అంటే తలుచుకున్నప్పుడల్లా ఆ గురిగే గుర్తుకొస్తుంది. వాడే ఉంటే ఇవాళ డప్పు ఎటు తిరుగుతుందని చెవి పెట్టి కూర్చోవలసిన ఖర్మ ఉండేదా. వాడు లేడు. దుర్గం చెరువు గట్టున మట్టి తవ్వుతుంటే పైనుంచి గట్టు విరిగి మీద పడింది. తీసేసరికి నోటి నిండా మట్టి. ఎన్నేళ్లు బతుకునిచ్చిందో ఆ మట్టే. ఆ తర్వాత ఎవరూ ఆ గుంతవైపు పోలేదు, తనే పోయింది. పార తీసుకుని పోయి గుంత ముందర నిలబడి, నా మొగణ్ని తిన్నవు, ఇగ నాకు కూడు పెట్టకుంట ఎట్ల తప్పించుకుంటవో చూస్త అని పైకే అంది. ఎవరో విన్నారు. కిష్టమ్మకు మతి తప్పిందని ఊరంతా చెప్పుకున్నారు.

చెప్పుకోనీ. మతి తప్పిన దానికి ఈ చేతి పని వస్తుందా? ఎక్కడిది ఈ పని అని బావి దగ్గర అడిగిన వాళ్లే, చెప్పాక మూతి విరిచారు. తురకోళ్ల పూలు పెండ్లి కుండల మీదనా అని. అవును, మునీరా బీ దగ్గర నేర్చుకున్నదే. చిన్నప్పుడు అమ్మ వెంట గోలకొండకు కుండల గంప మోసుకుపోతే, కోట దర్వాజా లోపల ఒక ఇంట్లో నీళ్లిచ్చి కూర్చోబెట్టే ముసలామె. చుట్టుపక్కల ఏ పిల్ల పెండ్లయినా ఆమె చేతిలో చెయ్యి పెట్టవలసిందే. సన్నటి పుల్ల చివర మైదాకు ముద్ద తీసుకుని, ఊపిరి బిగబట్టి, పిల్ల అరచేతి మీద తీగను పారించేది. మధ్యలో పుల్ల ఎత్తేది కాదు. తను నోరు తెరుచుకుని చూస్తుంటే, గిట్ల రా బేటా, పుల్లను గట్టిగ పట్టుకోకు, పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో అని పుల్ల చేతికిచ్చింది, తన సొంత చెయ్యి చాపింది. ఆ ముడతల చేతి మీద తను పెట్టిన మొదటి తీగ వంకరటింకరగా పోయింది. బహుత్ అచ్ఛా అని ఆ చెయ్యిని పక్కింటి వాళ్లకు కూడా చూపించింది మహాతల్లి. ఒకనాడు గుంబజుల దాకా తీసుకుపోయింది, పాత నవాబుల గోరీలు. గోడల మీద అక్కడక్కడా నీలం పెంకులు అంటుకుని ఉన్నాయి, ఇంకా మెరుస్తూ. చూడు, ఇది కూడ మట్టే, మీ కుమ్మరోళ్ల మట్టే, నిప్పుల కాలి గిట్లయింది, రాజు పోయిండు, రంగు పోలే అంది. ఆ నీలం ఎట్లా వస్తుందో ఎవరికీ తెలియదు. తెలియనిది ఉందని తెలిసింది, చాలు. పోయినేడు పోలీస్ యాక్షన్ నాడు మిలట్రీ లారీలు మన ఊరి బాట మీద దుమ్ము లేపుకుంటూ పోయాక, జర సద్దుమణిగాక, గోలకొండ పోయి చూస్తే ఆ ఇంటికి తాళం. ఎటు పోయారంటే చేతులు తిప్పారు. గుమ్మం ముందు కాసేపు నిలబడి గంప ఎత్తుకుని వచ్చేసింది. తురకోళ్ల పూలట. ఆ పూలు వద్దనే ఆడవాళ్ల చేతుల మీద పండుగ నాడు ఉన్నవి ఏ పూలు? తన పుల్ల చివర నుంచి ఆమె చెయ్యి ఇంకా కదులుతూనే ఉంటుంది. దాన్ని ఎవరో వద్దంటే ఆపేస్తుందా.

లింగమూర్తి కూడా ఆపాలనే చూశాడు. అన్న పోయి నెల తిరగకముందే బండి కట్టుకొచ్చి, ఆడది సారె ముట్టొద్దు వదినా, కులానికి అరిష్టం, నేను తీసుకపోత, నీకు గింజలు నేనిస్త అన్నాడు. గింజలు! ఊళ్లో పెద్దిండ్ల వాళ్లు వెట్టి కుండలు చేయించుకున్నన్నాళ్లు ఈ అన్నదమ్ములే చేసి పోశారు, గింజ ఒక్కటి రాలలేదు. ఇప్పుడు తనకు గింజలు. సారెను ఎత్తడానికి ఇద్దరు మనుషుల్ని తెచ్చాడు. అప్పుడేం చేసింది తను? ఏడ్వలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని పోయి ఆ సారె నడుమ కూర్చుంది, బాసింపట్టు వేసుకుని. లే వదినా అన్నాడు. లేవలేదు. లేపండ్రి అన్నాడు. ఎవరు లేపుతారు, మొగుడు పోయిన ఆడదాన్ని ముట్టుకుని? ఆ మైలే ఆ పూట తనను కాచింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పొద్దుగూకే దాకా కూర్చుంది, ఎద్దులు ఆకలికి అరుస్తుంటే బండి ఖాళీగా పోయింది. మర్నాడు కట్టె పెట్టి సారె తిప్పింది. మొదటి కుండ పక్కకు ఒరిగిపోయింది. ఒరిగితే ఒరిగింది, మళ్లీ ముద్ద చేసి మళ్లీ ఎక్కించింది. ఎన్ని ఒరిగాయో లెక్క పెట్టుకోలేదు. నిలబడ్డ కుండను మాత్రం మణికొండ దాకా మోసుకుపోయి అమ్మి వచ్చింది, మాదాపురంలో ఎవరూ కొనరని తెలిసి.

భూలక్ష్మి రాకపోతే ఈ పెండ్లి కుండల జోలికి తను పోయేది కాదేమో. ఆ పిల్ల నీళ్ల కుండ కావాలని వచ్చి, ఆరుతున్న కూజా ముందర గొంతుక్కూర్చుంది. అత్తా, గిది చేతి మీది మైదాకు లెక్కనే ఉన్నది, నా పెండ్లికి గిసొంటియే కావాలె అంది. నేను చేసినవి పెండ్లికి పనికిరావు బిడ్డా అంటే, ఎవ్వలన్నరు అని అడిగింది. ఎంత మామూలుగా అడిగింది! ఎవ్వలన్నరు. అప్పటిదాకా తనకు ఆ మాట అడగాలని తోచలేదు. ముసలమ్మలన్నారు, వాళ్లకు వాళ్ల ముసలమ్మలన్నారు. ఆ సాయంత్రమే మట్టి నానేసింది. వాము పేర్చిన నాడు భయం వేసింది, అబద్ధమెందుకు. సుద్ద పెళ్లలుగా లేస్తుందేమో, జాజు నల్లబడుతుందేమో, తీగలన్నీ పొగలో మాసిపోతాయేమో. పిడకలూ కంపా పైన కప్పి, మట్టి మెత్తి, నిప్పు పెట్టి, ఆ పొగవైపే చూస్తూ కూర్చుంది. నిన్న పొద్దున్నే వాము విప్పి, బూడిదలో చెయ్యి పెట్టి మొదటి కుండ తీసి, కొంగుతో తుడిచింది. తెలుపు మీద జాజు మూడోనాటి మైదాకులా, లోపలి నుంచి పండినట్టు, నలుపు తిరిగిన ఎరుపు. నీళ్లు పోసింది. పోలేదు. ఇసుకతో రుద్దింది. పోలేదు. ఒక్కతే పెద్దగా నవ్వింది, ఒరేయ్ ఎల్లేశా చూసినవా అని.

డప్పు.

డప్పే. మొగిలి కొట్టే డప్పు, వేరే ఎవరిదీ అంత మోగదు. లేచి నిలబడకూడదు, ఎదురు చూసినట్టుంటుంది. వీరేశం ఇల్లు దాటింది. ఆడవాళ్ల పాట సన్నగా వినపడుతోంది. బావి దగ్గరికొచ్చింది. అక్కడ ఆగింది. ఎందుకు ఆగింది? ఆగి కొడుతోంది, ఉన్నచోటే. ఎడమకు పోతే పోండి, ఆ సున్నం కుండలే పెట్టుకోండి, నేను వీటిని రేపు కూకట్‌పల్లి అంగడిలో పెడతాను, మీ పెండ్లి చూడని వాళ్లంతా చూస్తారు, అనుకుంది. అప్పుడు చప్పుడు పెద్దదైంది. ఇటే. కుడికే తిరిగింది. లేవకూడదనుకున్నది లేచే నిలబడింది.

అందరికంటే ముందు లింగమూర్తి వచ్చాడు, తలకు తెల్ల రుమాలు చుట్టుకుని, రొప్పుతూ. వెనకే అతని పెండ్లాం కొత్త చీరలో తల వంచుకుని.

"వదినా, జర లోపలికి పో. వస్తున్నరు."

"నా వాకిలికే గదా వస్తున్నరు, నేనెందుకు పోవాలె?"

"పిల్ల మొండికేసింది. గవే కుండలు కావాలె, లేకుంటే పీటల మీద కూసోనన్నది. పెద్దమనుషులు కూసోని మాట్లాడిండ్రు. కుండలు గివే పోతయి. కని నా పెండ్లాం చేతులకెళ్లి ఇస్తం. చేసింది నేనే అని పిల్లగానోళ్లకు చెప్పినం. నీకేం నష్టం లేదు, నీ గింజలు నీకొస్తయి. గడియ సేపు లోపల కూసో, చాలు."

గడియ సేపు. లోపల చల్లగా ఉంటుంది, తలుపు చాటు నుంచి చూడొచ్చు. కుండలు పందిట్లోకి పోతాయి, దీపాల వెలుగులో నలుగురూ చూస్తారు, అది చాలదా? మునీరా బీ పేరు ఎవరు చెప్పుకున్నారు? ఎన్ని వందల చేతుల మీద ఆమె తీగలు పారించిందో, ఆ పెండ్లికూతుళ్లలో ఒక్కతన్నా ఇది ఫలానా ఆమె పెట్టిందని చెప్పిందా? ఆకు రంగు కాబట్టి పోయింది, పేరూ పోయింది, ఆమే పోయింది, గుమ్మానికి తాళం మిగిలింది. కాళ్లు నిజంగానే ఒక అడుగు లోపలికి వేశాయి. ఆ అడుగు తనదేనని తెలిసి ఒళ్లు మండింది. సారె మీద కూర్చున్నప్పుడు లేపలేని వాళ్లు, ఇప్పుడు మెత్తగా నాలుగు మాటలు చెప్పి నడిపించుకుపోతున్నారు. వెనక్కి తిరిగి వచ్చి చాప ముందర నిలబడింది.

వాకిలి నిండా జనం. ముందు రుక్కమ్మ, పెండ్లికూతురి తల్లి, నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుని కుండ కోసం సిద్ధంగా. కిష్టమ్మను చూసి పాట ఆగిపోయింది. మొగిలి మాత్రం కొడుతూనే ఉన్నాడు.

"కిష్టమ్మా, నీ మీద కోపం గాదు," అంది రుక్కమ్మ, గొంతు తగ్గించి. "ఒక్కగానొక్క పిల్ల. శుభమా అని పెండ్లయితుంటే..."

"అక్కా, గీ మట్టి చెర్ల తవ్వింది నేను. నెత్తిన మోసింది నేను. తొక్కింది నేను, సారె తిప్పింది నేను, జాజు పెట్టింది నేను. గన్ని దినాలు లేని మైల కుండ ఇచ్చెటప్పుడే నా చేతులకు ఏడికెళ్లి వచ్చింది?"

లింగమూర్తి చరచరా వచ్చి చాప మీదికి వంగాడు. "ముట్టకు," అంది. అతను ముట్టబోయాడు. కిష్టమ్మ చివరి కుండను రెండు చేతులా ఎత్తింది. వాములో ఒకటి పగిలినా లోటు రాకుండా వేసిన ఎక్కువ కుండ అది. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. దాని మీద తీగ అన్నిటికంటే సన్నగా, పుల్ల ఎక్కడా ఎత్తకుండా వచ్చింది, ఆ సంగతీ తనకే తెలుసు. ఎత్తి, వాకిట్లో బండరాయి మీద వేసి కొట్టింది.

పెండ్లి పూట కుండ పగలడం! ఎవరో రామ రామ అన్నారు. మొగిలి చేతిలో పుల్ల గాల్లోనే ఆగిపోయింది. ఎర్ర చందమామ ముక్క ఒకటి దొర్లుకుంటూ పోయి రుక్కమ్మ కాలి దగ్గర ఆగింది.

"మిగిలినయి గివి," అంది కిష్టమ్మ. "నా చేతులకెళ్లి తీసుకుంటరా, తీసుకోండ్రి. లేదా, గివి గూడ గంతే. చేసిన చేతులే పగలగొడ్తయి."

రుక్కమ్మ కాలి దగ్గరి ముక్కను చూసింది, చాప మీది కుండల్ని చూసింది, కిష్టమ్మను చూసింది. ఎవరో వెనక నుంచి మూర్తం దాటిపోతున్నది అన్నారు. "నా బిడ్డ పొద్దున్నుంచి మంచినీళ్లు గూడ ముట్టలే," అంది రుక్కమ్మ, ఎవరికీ కాకుండా. తర్వాత నెత్తి మీది గుడ్డ చుట్టను సరిచేసుకుని, రెండడుగులు ముందుకొచ్చి తల వంచింది.

"పెట్టు కిష్టమ్మా."

కుండ ఎత్తి ఆ చుట్ట మీద పెట్టింది. ఒక్కొక్కరే వచ్చారు, కొందరు కళ్లు దించుకుని, ఒక పిల్ల మాత్రం నవ్వుతూ. ఆనవాయితీ ప్రకారం కుమ్మరి ఇంటి ఆడదానికి పసుపు రాయాలి. పసుపు గిన్నె మీద రుక్కమ్మ చెయ్యి ఎటూ పోలేక నిలబడిపోయింది.

"గది నేనడుగలే అక్కా. గింజలు చాటల పొయ్యి. చేసింది కిష్టమ్మ అని పందిట్ల చెప్పు. చెప్తవా?"

"చెప్త," అంది రుక్కమ్మ. చాటలో గింజలు పోస్తూ, "అందరినడుమ చెప్త" అంది.

డప్పు మళ్లీ లేచి బావి మలుపు తిరిగి దూరమైంది. వాకిట్లో లింగమూర్తి ఒక్కడే మిగిలాడు. పెండ్లాం కూడా ఒక కుండ నెత్తిన పెట్టుకుని వాళ్లతో పోయింది. రుమాలు ఊడిపోతే చేతిలో పట్టుకున్నాడు.

"ఇయ్యాల్టితోని అయిపోయిందనుకోకు వదినా. కులపోళ్లు కూసుంటరు. పంచాయతి వెడ్తరు."

కిష్టమ్మ గింజల చాట ఎత్తి లోపల పెట్టి వచ్చింది. సారె పక్కన తడి గుడ్డ కప్పి ఉంచిన మట్టి ముద్ద తీసి, సారె నడుమ కొట్టి పెట్టి, కట్టె అందుకుంది.

"కూసోనీ. ఏడ కూసుంటరో జర ముందుగాల చెప్పి పంపు. ఎండకాలం, ఊకె మాట్లాడితే దూపైతది గదా. కూజలు నాయే పంపిస్త."